ఏకగ్రీవ మామిడి

మీటింగులను తిట్టిపోసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. మీటింగులే లేకపోతే పెద్ద కంపెనీలు ఎలా నడుస్తాయండీ? ఒక మనిషి ఒక పని చెడగొడితే అది తప్పు. పన్నెండుమంది కూర్చుని అదే పని చెడగొడితే అది ప్రాసెస్! కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు ఇంతకు మించిన రక్షణ ఎక్కడ దొరుకుతుంది?

నమ్మకం కుదరకపోతే గిరిజ సంగతి వినండి.

గిరిజది నూజివీడు. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివి, అమెరికాలో ఎమ్మెస్ చేసి, 2013 ఆగస్టులో టెక్సాస్‌లో ఓ మహా పెద్ద కంపెనీలో గ్రాడ్యుయేట్ ట్రైనీగా చేరింది. చిప్సూ, బిస్కెట్లూ, రకరకాల డ్రింకులూ తయారుచేసే కంపెనీ. ఫ్రిస్కోలో లక్ష్మీపతి అనే సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకుంది.

"ఫుడ్ సైన్స్ అంటే ఏంటమ్మా, కేటరింగా?" అని మొదటిరోజే అడిగాడాయన.

"కాదంకుల్. ల్యాబ్‌లో పని. కొత్త ప్రాడక్ట్స్ డెవలప్ చేస్తాం."

"ల్యాబ్ అయినా కిచెన్ అయినా వీసా ఇంపార్టెంట్. ఎందుకైనా మంచిది, వీకెండ్స్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్స్ చేసి పెట్టుకో. మా ప్రాజెక్ట్‌లోకి లాగేస్తా."

"మీరూరుకోండి," అంది ఆయన భార్య ఉమ. "అమ్మాయి నలుగురూ నోట్లో పెట్టుకునేది తయారుచేస్తుంది. మీరు ఇరవయ్యేళ్ళుగా ఏం తయారుచేస్తున్నారో నాకిప్పటికీ తెలీదు."

మొదటి నెలంతా గిరిజకు నాయకత్వం నేర్పారు. ఎవరికి నాయకత్వం వహించాలో మాత్రం చెప్పలేదు. ఓ పరీక్ష పెట్టి ఆమె మనస్తత్వం నీలంరంగు అని తేల్చారు. లాప్‌టాప్ ఇచ్చారు, కంపెనీ బొమ్మ వేసిన నీళ్ళసీసా ఇచ్చారు. ల్యాబ్ ఎటువైపుందో ఐదోవారంలో కారిడార్ ఊడ్చే ఆవిడ చూపించింది.

అక్కడ మేనేజర్ లిండా మంచి మనిషి. ఓ ఉదయం పిలిచి, "నువ్వు ఇండియా నుంచి కదా? మ్యాంగో డ్రింక్ ప్రాజెక్ట్ నీకే ఇస్తున్నా," అంది.

ఇండియా నుంచి వచ్చినందుకు ఓ దేశంలో ఇంత సులువుగా పని దొరకడం గిరిజకు అదే మొదటిసారి! రెండు నెలలు ఒళ్ళు మరిచి పనిచేసింది. చిన్నరసం పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి పీలిస్తే మొదట నాలుక చివర తగిలే ఆ పులుపు రావాలి. తర్వాతే తీపి. పదిహేడో శాంపిల్‌లో వచ్చింది. రుచి చూసిన లిండా కళ్ళు మూసుకుని, రెండో కప్పు తనే పోసుకుంది.

ఆ తర్వాత ఆ శాంపిల్ మీటింగులకు వెళ్ళింది.

రంగు మరీ ముదురుగా ఉంది, పిల్లల బట్టలమీద మరక పడుతుందన్నారు మార్కెటింగ్‌వాళ్ళు. డబ్బాలు నింపే మెషీన్‌లో గుజ్జు అడ్డుపడుతోందన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. ఒహాయోలో రెండువందలమందికి తాగిస్తే వాసన ఘాటుగా ఉందన్నారట, అది రీసెర్చ్‌వాళ్ళ మాట. ప్రతి ఒక్కరూ నవ్వుతూ, మర్యాదగా, సబబుగానే చెప్పారు. పన్నెండు శాతం ఉన్న గుజ్జు క్రిస్మస్‌కి ఎనిమిదైంది, ఫిబ్రవరికి మూడైంది, ఏప్రిల్‌కి సున్నా అయింది.

చూశారా మీటింగుల గొప్పతనం? ఏ ఒక్కడో వచ్చి "మామిడి తీసెయ్" అని ఉంటే గిరిజ పోట్లాడేది. పన్నెండుమంది వచ్చి తలా ఓ చెంచా తీసుకుపోతే ఎవరితో పోట్లాడుతుంది?

చివరికి నీళ్ళూ, చక్కెరా, రంగూ, ఏదో సువాసనా మిగిలాయి. డబ్బామీద మాత్రం నిలువునా కోసిన మామిడిపండు బొమ్మ, చూస్తే నోరూరిపోయేలా!

మే నెలలో ఆఖరి మీటింగ్. వైస్ ప్రెసిడెంట్ గ్రెగ్ వస్తున్నాడు. ట్రైనింగ్ అయ్యాక గిరిజను ఉంచుకోవాలా, ఆమెకి H-1B వీసా ఫైల్ చేయాలా అని లిండా రిపోర్ట్ రాయాల్సింది కూడా ఆ వారమే.

"ఏం అడిగినా గ్రేట్ అను, చాలు," అన్నాడు లక్ష్మీపతి. "వీసా వచ్చాక నీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకో."

"నాకది మామిడి అనిపించట్లేదు అంకుల్."

"నీకనిపించక్కర్లేదమ్మా. వాళ్ళకనిపిస్తే చాలు."

ఉమ ఇండియన్ స్టోర్‌లో నెలముందు బుక్ చేస్తే వచ్చిన కేసర్ మామిడిపళ్ళ పెట్టె తెచ్చి గిరిజ చేతిలో పెట్టింది. "మా ఇద్దరికీ షుగరే. తీసుకెళ్ళు. తినని వాళ్ళకి చెప్పేకంటే పెట్టడం నయం."

మర్నాడు మీటింగ్‌లో అందరిముందూ డబ్బాలున్నాయి. గిరిజ పెట్టె విప్పి, ల్యాబ్ కత్తితో పళ్ళు కోసింది. గది గదంతా ఘుమఘుమలాడింది. గిరిజతో కలిపి పన్నెండుమందిలో తొమ్మిదిమంది జన్మలో పండిన మామిడిపండు తినలేదట!

ఓ పది నిమిషాలు అందరూ తింటూనే ఉన్నారు. ఆ గదిలో అంత నిజాయితీగా సాగిన పది నిమిషాలు అంతకుముందెప్పుడూ లేవు. ఫైనాన్స్ ఆయన టై భుజంమీదికి వేసుకున్నాడు. గ్రెగ్ టెంక పట్టుకుని, రసం మోచేతిదాకా కారుతున్నా చూసుకోకుండా చీకాడు.

"ఓ మై గాడ్," అన్నాడు చివరికి. "మామిడంటే ఇదా!"

గిరిజ కత్తి పక్కన పెట్టి ఆయనకేసి చూసింది.

గ్రెగ్ చేతులు తుడుచుకుని డబ్బా తెరిచి ఓ గుక్క తాగాడు. ఆలోచించాడు. "డబ్బాలోది సేఫ్. పండు అద్భుతం, కానీ మన కస్టమర్‌కి కాస్త ఎక్కువ మామిడిగా ఉంటుంది," అన్నాడు.

అందరూ తలలూపారు. పెదాలు ఇంకా పసుప్పచ్చగానే ఉన్నాయి.

"లాంచ్‌కి సరేనన్నవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు గ్రెగ్.

పదకొండు చేతులు లేచాయి. గిరిజ చేతులు ఒళ్ళో ఉన్నాయి. లిండా ఆమెకేసి చూసింది, కనుబొమలెత్తి బతిమాలినట్టుగా. ఒక్క చేయి! ఎత్తితే వీసా, ఎత్తకపోతే ఏమో. గిరిజ చెయ్యి మాత్రం కదల్లేదు.

ఆ వారమంతా ఆమె అన్నం సరిగా తినలేదు. పెట్టె సర్దుకోవాలా అని రెండుసార్లు సూట్‌కేసు దించి, మళ్ళీ పైన పెట్టింది. టెస్టింగ్ కోర్స్ ఫీజెంతో కూడా కనుక్కుంది.

శుక్రవారం రెండు మెయిల్స్ వచ్చాయి. మొదటిది లిండా రిపోర్ట్: "గొప్ప టీమ్ ప్లేయర్. ఉంచుకోవాలి. వచ్చే ఏప్రిల్‌లో వీసాకి ఫైల్ చేయాలి." రెండోది మీటింగ్ మినిట్స్: "మ్యాంగో డ్రింక్ ఏకగ్రీవంగా ఆమోదించబడింది. రుచికరమైన పళ్ళు తెచ్చినందుకు ప్రత్యేక కృతజ్ఞతలు."

ఆ మెయిల్స్ సంగతి విని సాయంత్రం లక్ష్మీపతి స్వీట్ బాక్స్ తెచ్చాడు, తన షుగర్ సంగతి మరిచిపోయి. "చూశావా? బుద్ధిగా చెయ్యెత్తావు, పనైపోయింది!"

"ఎత్తలేదంకుల్."

"అదేంటి, ఏకగ్రీవం అని రాశారుగా?"

ఆ మాట గిరిజకు ఎక్కడో గుచ్చుకుంది. తప్పు చేసి దొరికిపోయినా ఇంత బాధ ఉండేది కాదు. అక్కడే డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచి, రిప్లై ఆల్ నొక్కి, నాలుగు మాటలు రాసింది. "చేతులెత్తింది పదకొండుమంది. నేను ఎత్తలేదు. అందులో మామిడి లేదు. దయచేసి మినిట్స్ సరిచేయండి." లక్ష్మీపతి "అమ్మా, అమ్మా" అంటుండగానే పంపేసింది.

గంటలో జవాబులు మొదలయ్యాయి. "ఎంత ప్యాషన్!" అన్నాడు గ్రెగ్. "మంచి క్యాచ్, తప్పు భలే పట్టుకున్నావు, థాంక్యూ!" అన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. ఒక్కరూ కోప్పడలేదు. అమెరికాలో మాట్లాడే స్వేచ్ఛ గురించి విన్నవన్నీ నిజమేనండీ!

సోమవారం సరిచేసిన మినిట్స్ వచ్చాయి. గిరిజ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో లైనూ చదివింది. "ఏకగ్రీవంగా" అన్నమాట చెక్కుచెదరకుండా ఉంది. హాజరైనవారి జాబితాలో మాత్రం ఆమె పేరు స్పెల్లింగ్ సరిచేశారు.