కొవ్వుకు పని లేదు

మానవ శరీరంలో కొవ్వంత సోమరిది మరొకటి లేదనీ, మేపితే పెరగడం తప్ప అది ఏ పనీ చేయదనీ ఆసుపత్రి మందుల కొనుగోలు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సంఘంలో సభ్యులు ముగ్గురు. ముగ్గురి పొట్టలూ బల్ల అంచుకు ఆని ఉన్నాయి. కాబట్టి అనుభవం లేనివాళ్లు మాట్లాడారని ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేదు.

ఇంత గొప్ప తీర్మానానికి కారణం మందుల గది చూసుకునే ఆమె. ఆసుపత్రిలో అందరికీ ఆమె మందులమ్మ. రొమ్ము కణితి వచ్చిన పెద్ద వయసు ఆడవాళ్లకు రోజుకొకటి ఇవ్వవలసిన మాత్ర ఒకటుంది. అది తెప్పించమని ఆమె అర్జీ పెట్టుకుంది. సంఘంలో డాక్టరన్నవాడు లేడు. డాక్టర్లయితే రోగుల పక్షం వహిస్తారు కాబట్టి వాళ్లను చేర్చకూడదని నియమం.

“ముట్లుడిగి పాతికేళ్లయిన మనిషికి ఇంకా ఆడ హార్మోను ఎక్కడి నుంచి వస్తుందమ్మా?” అని అడిగారు అధ్యక్షులవారు. ఆయన ఆసుపత్రి పరిపాలనాధికారి.

“కొవ్వులోంచి సార్. మూత్రపిండాల మీదుండే గ్రంథులు మగ హార్మోను లాంటి సరుకుని కొంచెం కొంచెం రక్తంలోకి వదులుతాయి. కొవ్వులో ఒక ఎంజైము ఉంటుంది. అది ఆ సరుకుని ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. దాన్ని తిని కణితి పెరుగుతుంది. ఈ మాత్ర ఆ ఎంజైము చేతులు కట్టేస్తుంది.”

“మగదాన్ని ఆడదిగా మార్చేస్తుందా! ఎవరి అనుమతితో?” అన్నారు అధ్యక్షులవారు.

“మీరు చెప్పేది ఆడవాళ్ల కొవ్వు సంగతే కదా?” అన్నాడు గిడ్డంగి అధికారి, ముందుజాగ్రత్తగా.

మందులమ్మకు నిజం చెప్పే అలవాటుంది. ఆ ఆసుపత్రిలో వైద్యం లేని జబ్బు అదొక్కటే.

“మగవాళ్ల కొవ్వూ అదే పని చేస్తుంది సార్. ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ.”

మూడు పొట్టలు ఒక్కసారిగా లోపలికి వెళ్లాయి. ఊపిరి బిగపట్టి ఎవరూ ఎంతోసేపు ఉండలేరు గనుక, కాసేపటికి మూడూ యథాస్థానానికి వచ్చాయి.

“ఇది మగజాతికే అవమానం!” అన్నాడు మూడో సభ్యుడైన సలహాదారు. కొవ్వు గిడ్డంగి మాత్రమేననీ, కర్మాగారం కాదనీ, పని లేనిదానికి పని మాన్పించే మందు దండుగ అనీ రాసి అర్జీ తిప్పి పంపారు.

మందుల గది కిటికీ ముందు బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరు మందులమ్మకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన పంతులమ్మ. రెండో ఆమె బట్టలు కుట్టి ఇల్లు నడిపే కుట్టు అత్త. ప్రతి సోమవారం ఇద్దరూ ఆ మాత్ర కోసమే వస్తారు.

“ఏమన్నారే పెద్దమనుషులు?” అంది పంతులమ్మ.

“కొవ్వుకు పని లేదన్నారు టీచర్.”

“అద్దంలో చూసుకుని చెప్పుంటారు.”

కుట్టు అత్త నవ్వి, నడుం పట్టుకుంది. ఆమెకు జబ్బు అప్పటికే ఎముకల్లోకి పాకింది. “మళ్లీ సోమవారం రానా అమ్మా?” అంది.

“రండి అత్తా,” అంది మందులమ్మ.

ఆమె మరో రెండుసార్లు అర్జీ పెట్టింది. అవీ తిరిగొచ్చాయి. అయిదో నెలలో ఒక సోమవారం కుట్టు అత్తకు బదులు ఆమె కొడుకు వచ్చాడు. అమ్మ పోయిందని చెప్పి, ఆవిడ చీటీ కిటికీలో పెట్టి వెళ్లిపోయాడు. మందులమ్మ ఆ చీటీని తిరిగొచ్చిన మూడు అర్జీలతో కలిపి గుచ్చింది.

ఆ తర్వాతి వారం మధ్యాహ్నం అధ్యక్షులవారు స్వయంగా మందుల గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

“అమ్మా, ఆ రోజు ఏదో అన్నారు... ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ అని.”

“అవును సార్.”

“మొన్న మా బావమరిది నా ఛాతీ చూసి, ‘బావా, నీకో జాకెట్టు కుట్టించాలి’ అన్నాడు. అందరి ముందూ! వెధవ! సరే గానీ, ఆ మాత్రలు ఒక అట్ట ఇవ్వండి.”

“లేవు సార్. సంఘం వద్దంది.”

“సంఘానికి బుద్ధుందా? ఎవరు దాని అధ్యక్షుడు?”

అధ్యక్షుడెవరో ఆయనకే మెల్లగా గుర్తొచ్చింది.

“డాక్టరు చూడకుండా మీలాంటివాళ్లు వేసుకోకూడదు సార్. రోజూ నడవండి, చాలు.”

“నడకా! కారుందిగా నాకు!”

అయిదు నెలలు కదలని కాగితం మర్నాటికి కాళ్లొచ్చి పరుగెత్తింది. వారంలో మాత్రలు దిగాయి. పెట్టెలు విప్పకముందే సంఘ సభ్యుల చీటీలు మూడు వచ్చాయి. రెండు వాళ్ల భార్యల పేరు మీద. సలహాదారు బ్రహ్మచారి కాబట్టి తల్లి పేరు రాశాడు. ఆవిడ పోయి పదేళ్లయింది. ఏ లోకంలో వేసుకుంటుందో మాత్రం రాయలేదు.

మందులమ్మ చీటీలు తిప్పి పంపింది. దాంతో భద్రత దృష్ట్యా సరుకంతా అధ్యక్షులవారి గదిలోని బీరువాలోకి చేరింది. అదే వారం మాతృమూర్తుల సంక్షేమం పేరిట సభ పెట్టారు. మొదటి పెట్టె అందుకోవడానికి పంతులమ్మను పిలిచారు. మూడు చీటీల సంగతి మందులమ్మ ఆమెకు ముందే చెప్పింది. ఆమె వేదికెక్కింది, పెట్టె తీసుకుంది, ఒకసారి ఊపి చూసింది. చప్పుడు లేదు.

“రెండు మాటలు చెప్పండమ్మా,” అంటూ మైకిచ్చారు.

నలభై ఏళ్లు వెనక బెంచీ దాకా వినిపించిన గొంతు అది. “రోగికి ఇచ్చే ముందు మందు తాము మింగి చూసే అధికారుల్ని ఇదే చూడ్డం. ఈ జబ్బు మగవాళ్లకి అరుదని విన్నాను. పాపం, ఒక్క వేదిక మీదే ముగ్గురున్నారు!” అని పెట్టె తలకిందులు చేసి చూపించింది.

ముందు నర్సులు నవ్వారు. తర్వాత నవ్వనివాడు లేడు. సాయంత్రానికల్లా మాత్రలన్నీ పేరు లేని కవర్లలో మందుల గదికి తిరిగొచ్చాయి. ఒక అట్టలో ఆరు, ఒక అట్టలో నాలుగు తక్కువ.

ఆపై సోమవారం పంతులమ్మకు మందులమ్మ మొదటి అట్ట ఇస్తోంది. అధ్యక్షులవారు కొత్త బూట్లు వేసుకుని, చెమటలు కక్కుతూ కిటికీ ముందు నుంచి నడుస్తున్నారు. అది మహిళా ఆరోగ్య చైతన్య నడకట. వెనకే ఫొటోగ్రాఫరు.

“ఎలా అందుతున్నాయమ్మా మాత్రలు?” అని ఆగారు. ఆసుపత్రిలో ఎవరూ సభ సంగతి ఎత్తడం లేదు కాబట్టి ఆయనా మరిచిపోయారు.

“నాకందాయి. నాతోపాటు ఇక్కడ కూర్చునే కుట్టు అత్తకే అందలేదు,” అంది పంతులమ్మ.

“అయ్యయ్యో! ఆవిడ రాలేకపోతే ఏం, మనమే ఇంటికెళ్లి ఇద్దాం. ఇల్లెక్కడ?”

“దగ్గరే. నడిచి వెళ్లొచ్చు.”

ఆయన ఫొటోగ్రాఫరు వైపు తిరిగి సైగ చేశారు. “ఫొటోకి ఆవిడ ఇంట్లోనే ఉంటుందా?”

“ఉంటుంది సార్,” అంది మందులమ్మ. “గోడ మీద.”