గేదె మెడలో తంతి గాజు

నీలం రంగు దిష్టిని తిప్పికొడుతుందనీ, పాడిగేదె మెడలో నీలం పూస ఉండి తీరాలనీ గురజాలలో చాలామంది నమ్మేవారు. పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒక ఆదివారం ఈ నమ్మకానికి అనుకోకుండా పరీక్ష జరిగింది.

రిటైరైన సైన్సు మాస్టారు త్రికోటేశ్వరరావుకు టెలిగ్రాఫు తంతి స్తంభాల మీద తీగను మోసే, పిడికిలంత పాత గాజు గిన్నెలు సేకరించడం వ్యసనం. వాటి బదులు తెల్ల పింగాణీవి బిగించినప్పుడు పనివాళ్ళు పారేసినవే అవన్నీ. ఆకుపచ్చవి చాలా ఉన్నాయి, నీలంది ఒక్కటే. అసలు నీలంది ఉండనే ఉండదని వాదించే మాచర్ల మిత్రుడు నెహెమ్యా, దాన్ని కళ్ళారా చూసి ఓటమి ఒప్పుకోవడానికి మధ్యాహ్నం బండికి వస్తున్నారు. అందుకని మాస్టారు పొద్దున్నే గిన్నెలన్నీ చింతపండుతో తోమి, పిట్టగోడ మీద ఆరబెట్టి, స్నానానికి వెళ్ళారు.

తిరిగి వచ్చేసరికి నీలంది లేదు.

"సుబ్బరత్నమ్మ వదిన అడిగితే ఇచ్చానండీ," అంది భార్య ధనలక్ష్మి. "గేదె పాలు చేపటం లేదంట."

మాస్టారు తడి తలతోనే పక్కింటికి పరుగెత్తారు. గేదె మెడలో నీలం గిన్నె, పొదుగు కింద నిండు తపేలా కనిపించాయి.

"చానా మహిమ గలది అన్నయ్యా! కట్టీ కట్టంగానే చేపింది," అంది సుబ్బరత్నమ్మ.

"మహిమేందమ్మా? ఇయ్యాల పత్తిగింజలు పెట్టావు గదా!"

"పెట్టా. అది కట్టబట్టే గదా తిన్నది!"

గిన్నె తిరిగి ఇమ్మని ఆయన బతిమాలుతుండగానే కబురు వీధంతా పాకింది. ఉత్త చేతులతో ఇల్లు చేరేసరికి పిట్టగోడ బోసిగా ఉంది. ఆకుపచ్చవి కూడా తలొకరు పట్టుకుపోయారు. ఆంజనేయులనే రైతు ఒకటి తీసుకెళ్ళి ఎద్దుకు కట్టాడు.

ఇల్లిల్లూ తిరిగి అడిగినా ఎవరూ ఇవ్వలేదు. ఇంతలో మధ్యాహ్నమై, స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించింది. జీవితమంతా మూఢనమ్మకాలను ఖండించిన మాస్టారు, వీధి నడుమ నిలబడి కొత్తదాన్ని ఒకటి సృష్టించారు.

"అమ్మా, తంతి తీగ మోసిన గాజది! వెతుక్కుంటా వచ్చి మరీ పిడుగు దాని మీద పడుద్ది! తర్వాత మీ ఇష్టం!"

నెహెమ్యా గుమ్మం చేరేలోపే గిన్నెలన్నీ తిరిగి వచ్చాయి. అందరికంటే ముందు సుబ్బరత్నమ్మ వచ్చింది. ఇతరుల అటకల మీద ఏళ్ళుగా పడి ఉన్నవి కూడా వచ్చాయి, వాటిలో మరో రెండు నీలంవి.

"ఓడిపోయాను మాస్టారూ!" అన్నారు నెహెమ్యా, ఒకదాన్ని ఎండకెత్తి చూసి మురిసిపోతూ.

ధనలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "పిడుగును పిలిచే సామాను నా కొంపలోనా?"

"అది అబద్ధమే. నేనే కల్పించా."

"వీధిలో అంత గట్టిగా అరిచింది అబద్ధమూ, ఇప్పుడు నా చెవిలో గొణిగేది నిజమూనా? ముందు వీటిని ఊరు దాటించండి!"

సాయంత్రం బండిలో గిన్నెలు మాచర్ల వెళ్ళాయి. వాటిని వదలలేక మాస్టారు కూడా వెళ్ళారు.

ఆ రాత్రి గురజాలలో పిడుగు పడలేదు. గిన్నెలు ఊరు దాటడమే అందుకు కారణమని అందరూ నమ్మారు.