కైరవాన్‌లో ఏమీ చూడనివాళ్ళు

ట్యునీషియాలోని స్ఫాక్స్ నగరంలో నేరం చేసినవాడు పోలీసుల కళ్ళు కప్పగలడేమో గాని తన కళ్ళు మాత్రం కప్పలేడని మున్సెఫ్ రోజూ పొద్దున్నే హమ్మాదీ కాఫీ దుకాణంలో ప్రకటిస్తుండేవాడు. తనలాంటి మేధావి ఈ సముద్రతీరంలో మళ్ళీ పుట్టడని కూడా కలిపేవాడు. అతనిది కళ్ళజోళ్ళ వ్యాపారం. చేతినిండా కేసులే, కాకపోతే అన్నీ కళ్ళజోళ్ళు దాచుకునే కేసులు.

నిజంగా పరిశోధించింది ఒక్కటే. పక్కింటి పిల్లి మాయమైతే ఊరంతా గాలించి, మాంసం కొట్టు యజమానిని అనుమానించి, నానా మాటలు పడి దుకాణానికి తిరిగొచ్చాడు. పిల్లి అతని కుర్చీలోనే ముడుచుకుని నిద్రపోతోంది. దొంగను హడలగొట్టి పిల్లిని వెనక్కి రప్పించానని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అలాంటివాడికి సొంత వంటింట్లోనే మహానేరం ఆనవాళ్ళు దొరికాయి.

భార్య దలెందా తలుపు ఓరగా వేసుకుని ఫోనులో అతని చెల్లెలు నజీహాతో గుసగుసలాడుతోంది. మున్సెఫ్ చెవిని తలుపుకి అంటించాడు.

"కైరవాన్‌లో ఏమీ చూడొద్దు, ఎవరినీ కలవొద్దు. తిన్నగా వెళ్ళి ఆ పాత గోడ పక్కన ఇంట్లో దిగిపోదాం. ఎర్రగా అయ్యేదాకా చేతులు కడుక్కునేది లేదు. మీ అన్నయ్యకి తెలిసిందంటే మాత్రం మొత్తం పాడైపోతుంది."

అంత పెద్ద మసీదు, అన్ని తివాచీల కొట్లు ఉన్న ఊరికి పోయి ఏమీ చూడకుండా వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటారా? ఆ రాత్రి భోజనాల దగ్గర, నజీహా ఇంట్లో పరుపుల ఉన్ని ఉతకాలనీ, రెండు రోజులు అక్కడే ఉంటాననీ దలెందా చెప్పింది. నేరస్థులు చెప్పే మొదటి అబద్ధం ఎప్పుడూ ఇంటిపని గురించే ఉంటుందని అతను మనసులో సిద్ధాంతం కట్టాడు.

మర్నాడు హమ్మాదీకి గొంతు తగ్గించి చెప్పాడు, ఇది పురాతన తివాచీల్ని దేశం దాటించే ముఠా పని అని. ఆ ముఠాలో ఉన్నదెవరని హమ్మాదీ అడిగితే, చెప్పే వేళ ఇంకా రాలేదన్నాడు.

హమ్మాదీకి చెప్పనిది ఇంకొకటుంది. బట్టలు ఇస్త్రీ చేస్తూ దలెందా కూనిరాగం తీసింది. ఆ ఇంట్లో ఆ రాగం వినిపించి ఏళ్ళయింది. సంచీ సర్దుకుంటూ అంత హాయిగా పాడుకునే ఆడమనిషి మళ్ళీ ఇంటికి వస్తుందా? ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అతని మేధస్సు మొరాయించేది. వెంటనే తివాచీల ముఠా వైపు మళ్ళిపోయేవాడు.

బయల్దేరే రోజున మారువేషం వేశాడు. ఎర్రటోపీ చెవుల దాకా లాక్కుని, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా దళసరి అద్దాలు పెట్టుకున్నాడు. ఆ అద్దాల్లోంచి చూస్తే మనుషులు నీళ్ళలో తేలుతున్నట్టు కనబడ్డారు. అయినా దలెందా నీలిరంగు తలగుడ్డ మాత్రం కంటికి ఆనింది. దాన్నే గురిపెట్టుకుని వాళ్ళెక్కిన వ్యానులోనే వెనక సీట్లో దూరాడు. దారి పొడవునా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, పక్కనున్న ముసలాయన వాంతి వస్తోందేమోనని ఒక సంచీ చేతికిచ్చాడు.

కైరవాన్‌లో దిగాక నీలి తలగుడ్డ వెంటబడ్డాడు. ఆమె పక్కన ఇంకొకామె ఉంది. ఇద్దరూ కోటగోడ దాటి బజారులోకి నడిచారు. మున్సెఫ్ తివాచీల చాటున నక్కుతూ, ఒకసారి తివాచీ అనుకుని ఒక మనిషి చాటునే నక్కి, క్షమాపణ చెప్పుకుని, మళ్ళీ కదిలాడు. వాళ్ళు తివాచీలు నేసే దారాలు బేరమాడారు. దారాలు అనగానే ముఠా సంగతి రుజువైపోయిందనుకున్నాడు. వాళ్ళు ఒక సందులోకి తిరగగానే ఎదురుగా వెళ్ళి చేతులు చాపి నిలబడ్డాడు.

"దలెందా, నాటకం కట్టిపెట్టు. నాకంతా తెలిసిపోయింది."

"దలెందా ఎవరయ్యా?" అందామె. "పొద్దుట్నుంచీ మా వెంట పడుతున్నది నువ్వేనా?"

మున్సెఫ్ అద్దాలు తీశాడు. ఎదురుగా బొత్తిగా తెలియని మొహం, ఆ పక్కన ఆమె కూతురు. ఇద్దరి గొంతులూ లేచేసరికి కొట్లలోంచి జనం పోగయ్యారు. మున్సెఫ్ తాను పరిశోధకుణ్ణని చెప్పుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, పాత గోడ పక్కనున్న ఒక నీలి తలుపుకి ఆనుకున్నాడు. దానికి గడియ లేదు. తలుపుతో పాటు అతనూ లోపలికి వెల్లకిలా పడ్డాడు.

లోపల నిమ్మచెట్టు నీడలో పరుపుల మీద ఇద్దరు ఆడవాళ్ళు పడుకుని ఉన్నారు. అరచేతుల నిండా, పాదాల నిండా గోరింటాకు. ఒకరు నజీహా, ఒకరు దలెందా.

"ఏమ్మా, ఈ పెద్దమనిషి మీ తాలూకేనా?" గుమ్మంలో నిలబడి ఒకతను అడిగాడు.

దలెందా అతన్ని టోపీ దగ్గర్నుంచి పాదాల దాకా తీరిగ్గా చూసింది. అంతసేపు ఆలోచించడం మున్సెఫ్ మనసుకి కష్టం కలిగించింది.

"మా ఆయనే," అంది చివరికి.

జనం జాలిగా ఆమెకేసి చూసి వెళ్ళిపోయారు. దెబ్బ తగిలిందా అని చూడటానికి లేవబోయి, చేతుల గోరింటాకు గుర్తొచ్చి, దలెందా మళ్ళీ వెనక్కి వాలింది. అతను టోపీ దులుపుకుంటూ, వ్యానులో తనను గుర్తుపట్టలేదు కదా అన్నాడు.

"ఎక్కగానే పట్టాను. దిగాక ఎవరి వెంటో పోతుంటే, పోనీలే, కాసేపు తీరిక దొరుకుతుందని ఊరుకున్నా."

"మరి ఇదంతా ఎందుకు? నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎన్నింటికి అంటావు. పెళ్ళయింది మొదలు ఉప్పు కొనడానికెళ్ళినా సాక్ష్యం చెప్పినట్టు చెబుతూనే ఉన్నా, మున్సెఫ్. రెండు రోజులు ఎవరికీ జవాబు చెప్పకుండా పడుకోవాలనిపించింది. అంతే."

మున్సెఫ్ టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. తివాచీల ముఠా గురించి చెబుదామని నోరు తెరిచాడు గాని వేరే మాట బయటికొచ్చింది.

"నువ్వు నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నావనుకున్నాను."

నజీహా మొహం అటు తిప్పుకుంది. దలెందా పరుపు మీద కాస్త పక్కకి జరిగింది. ఉండాలనుంటే రేపటి దాకా ఉండొచ్చంది. ఒక్క ప్రశ్న కూడా అడగకూడదంది. అడిగితే సాయంత్రం వ్యానెక్కిస్తానంది.

ఇంటి యజమానురాలు పళ్ళెంలో మక్రూద్‌లు తెచ్చిపెట్టింది. లోపల ఖర్జూరం, పైన పాకం. గోరింటాకు చేతులతో ఇద్దరూ వాటిని చూస్తూ ఉండిపోయారు. మున్సెఫ్ ఒకటి తీసి, కింద అరచెయ్యి పట్టుకుని, భార్య నోట్లో పెట్టాడు. ఆమె నెమ్మదిగా నమిలింది. బాగుందా అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగించి మింగేశాడు. జీవితంలో అంత కష్టమైన పని అతనెప్పుడూ చేయలేదు.

"బాగుంది," అంది దలెందా, ఎవరూ అడక్కుండానే.

అతను ఇంకోటి తీసి ఆమెకే పెట్టబోయాడు.

"అన్నయ్యా, ఇక్కడ నేనూ ఉన్నాను," అంది నజీహా నోరు తెరిచి.