రాజవ్వ బొటనవేలికి రేషన్ కార్డు

గుండేటి రాజవ్వ చర్మం నుంచి ప్రయోగశాలలో పెంచిన బొటనవేలు పోయిన నెల నుంచి ఆ ఇంటి రేషన్ కార్డుకు యజమానిగా ఉంటోంది. ఇందులో వింతేమీ లేదు. ఎవరి వేలిముద్రను మిషన్ గుర్తుపడితే వారే రాజవ్వ అని నిబంధన.

రాజవ్వ నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. తునికాకు మీద రాసీ రాసీ ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. ఆ శ్రమకు నివాళిగా హారిక అనే కళాకారిణి ఆమె బొటనవేలి నుంచి చిటికెడు చర్మం తీసుకుని, ఎనిమిది నెలలు పోషక ద్రవంలో పెంచి, గాజు సీసాలో ప్రదర్శనకు పెట్టింది. వేలు చక్కగా వచ్చింది. గులాబీ రంగులో నిగనిగలాడుతూ, నిండా గీతలతో, ఒక్క పనీ ఎరగకుండా పెరిగింది. చూసినవాళ్లంతా శ్రమ అంటే ఇదీ అని మెచ్చుకున్నారు.

అసలు రాజవ్వకు మాత్రం మూడు నెలలుగా బియ్యం లేవు. ఆమె వేలు పెడితే మిషన్ ఎర్ర దీపం వెలిగిస్తోంది. మంచం పట్టిన మొగుడికి గంజి పోసి తాను మంచినీళ్లు తాగి పడుకుంటోంది. ప్రదర్శన ముగిశాక సంగతి తెలిసి, హారిక పాపం జాలిపడి, సీసా పట్టుకుని ఆమెతోపాటు రేషన్ షాపుకు వెళ్లింది. వేలు ఆనించగానే పచ్చ దీపం వెలిగింది.

"హమ్మయ్య, రాజవ్వ దొరికింది!" అన్నాడు డీలర్ దత్తాద్రి. తర్వాత రాజవ్వ వైపు తిరిగి, "మరి నువ్వెవరివవ్వా?" అన్నాడు.

"అయ్యో, నేనే గద సారూ రాజవ్వను! అది నా తోలుల నుంచే పుట్టింది."

"పుడితే నీ బిడ్డయితది. బిడ్డ బియ్యం తల్లికియ్యుమంటే ఎట్లిస్త?"

తహసీల్దారు విచారణకు ఇద్దరినీ పిలిపించారు. వేలు ఏమీ మాట్లాడలేదు. రాజవ్వ చాలా మాట్లాడింది, ఏడ్చింది, నలభై ఏళ్ల బీడీల లెక్క చెప్పింది. వేలి ప్రవర్తన హుందాగా ఉందని ఫైల్లో రాశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ తహసీల్దారు మరీ అంత కఠినుడు కాదు. రాజవ్వను వేలి మీద ఆధారపడిన వ్యక్తిగా కార్డులో చేర్చి, సీసాను ఆమెకు అప్పగించారు. బంధుత్వం దగ్గర "తల్లి" అని రాశారు.

రాజవ్వకు ఒళ్లు మండిపోయింది. అయినా ఆకలి ముందు రోషం ఎంతసేపని? మర్నాటి నుంచి సీసాకు తడిగుడ్డ చుట్టింది. ద్రవం పూటపూటా మార్చింది. వేలికి ఏ పనీ తగలకుండా కాపాడింది, గీతలు అరిగితే ఇల్లు ఏం గాను! గల్లీలో మిగతా బీడీల ఆడవాళ్లు వచ్చి చూసి, తమ చేతులు చూసుకుని, "మాయి గూడ పెంచు బిడ్డా" అంటూ హారిక దగ్గర వరుస కట్టారు.

ఒకటో తారీఖున రాజవ్వ సీసా ఎత్తుకుని రేషన్ షాపు ముందు నిలబడింది. ఆమె వంతు వచ్చింది.

"నువ్వు జర పక్కకు జరుగవ్వా," అన్నాడు దత్తాద్రి మర్యాదగానే. "రాజవ్వను ముందటికి రానియ్యి."

రాజవ్వ సీసా మూత తీసి మిషన్ ముందు పెట్టి, పక్కకు జరిగింది.