టీ అక్క కోసం నా ప్రాణత్యాగం

మనిషన్నాక దేనికోసం చావాలో తెలిసుండాలి!

ఈ మాట నేను మా బీమా ఆఫీసు భోజనాల గదిలో కుర్చీ ఎక్కి మరీ అన్నాను. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మాకు టీ కాచి పోస్తున్న టీ అక్కను తీసేసి మెషీన్ పెడతారని ఆ ఉదయమే తెలిసింది. ఇద్దరు పిల్లల చదువు ఆవిడ జీతం మీదే నడుస్తోంది.

"ఇంగ్లీషువాడు ఏమంటాడు? ఏ కొండ మీద చావాలో ఎంచుకోమంటాడు. నా కొండ ఈ గుమ్మమే! ఆ మెషీన్ లోపలికి రావాలంటే నా శవం మీదుగా రావాలి!"

చప్పట్లు మోగిపోయాయి. టైపిస్టు కళ్ళు కూడా తుడుచుకుంది.

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ పెదవి విరిచింది.

"పళ్ళ డాక్టరు దగ్గరికే నన్ను తోడు తీసుకెళ్ళారు. చావడానికి ఒక్కరే వెళ్తారా?"

ఆవిడకు ఆఫీసు పద్ధతులు తెలియవు. మా దగ్గర ఎవరైనా ఆవేశపడి ముందుకు దూకితే, ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని "వద్దు గురువుగారూ, వద్దు" అని వెనక్కి లాగాలి. ఆ భరోసా మీదే మేమంతా ఇన్నాళ్ళూ వీరులుగా చలామణీ అవుతున్నాం.

మర్నాడు మెషీన్ వచ్చింది. బీరువా అంత ఉంది! చక్రాల బండి మీద తోసుకొస్తున్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "రండి! తొక్కుకుంటూ రండి!" అని అరిచాను. అరిచి, పట్టుకోవడానికి వీలుగా రెండు చేతులూ కాస్త వెనక్కి పెట్టాను.

ఎవరూ పట్టుకోలేదు! తిరిగి చూద్దును కదా, అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. క్యాషియరైతే "కానివ్వండి గురువుగారూ!" అని హుషారు చేస్తున్నాడు.

బండి ఆగేలా లేదు. నాకు ముచ్చెమటలు పోశాయి. అంతలో ఎవరో నా రెక్క పట్టుకుని పక్కకు లాగారు. టీ అక్క! నేను మాటవరసకైనా గింజుకోలేదు. మెషీన్ దర్జాగా లోపలికి వెళ్ళిపోయింది.

"ఎందుకు ఆపావక్కా? నీ కోసం చచ్చిపోయేవాణ్ణి!" అన్నాను రొప్పుతూ.

"మిమ్మల్ని చావమని ఎవరన్నారు బాబూ? నిన్న మేనేజరుగారు సాయంత్రమంతా ఖాళీగానే కూర్చున్నారు. తలుపు కూడా తీసే ఉంది. లోపలికెళ్ళి నా గురించి ఒక్క మాట చెబుతారేమోనని చూశాను."

సిగ్గుతో నా తల వాలిపోయింది. కానీ, మేనేజరుతో మాట్లాడ్డమా! వచ్చే వారం నా ప్రమోషన్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ప్రాణమంటే ఎప్పుడైనా ఇస్తాను. ప్రమోషన్ ఎలా వదులుకుంటాను?