ఆలస్యంగా నిప్పందుకునే బండికి జేజేలు

టైమింగ్ చెడిన మోటార్ సైకిల్ ప్రతి ఇంటికీ ఒకటి ఉండి తీరాలి. లేనివాళ్లకు రేషన్ కార్డు మీద ప్రభుత్వమే ఇప్పించాలి. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను!

మా ఇంట్లో అలాంటిది ఒకటి ఉంది. సూరత్ భేస్తాన్‌లో మా గల్లీకి వచ్చి, ముత్యం బండి ఏదని ఎవరినీ అడగనక్కర్లేదు. సైకిళ్లు దాటిపోతున్న మోటార్ సైకిల్ ఏదో చూస్తే చాలు. ముత్యం మా ఆయన. జన్మంతా సాంచాల మాస్టరుగా పనిచేశాడు. అంటే ఖాతాలో, అదే మగ్గాల షెడ్డులో, మరమగ్గం మొరాయిస్తే దాని మెడ వంచే మనిషన్నమాట. ఆ చేత్తోనే బండినీ బాగుచేశాడు. అప్పటినుంచి అది ఇలా ఉంది.

చెడిన టైమింగ్ గొప్పతనం తెలియాలంటే ముందు మంచి టైమింగ్ ఎంత చెడ్డదో తెలియాలి. పాత పుస్తకాల బండి మీద దొరికిన హిందీ రిపేరు పుస్తకాన్ని కూడబలుక్కుని చదివి నేను గ్రహించింది ఇది. ఇంజన్‌లో పిస్టన్ పైకి వస్తూ పెట్రోలు కలిసిన గాలిని అదుముతుంది. అది పూర్తిగా పైకి చేరకముందే ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. ఎందుకంటే ఆ గాలి అంటుకుని బాగా మండడానికి కాస్త సమయం కావాలి. పిస్టన్ కిందికి మళ్లేసరికి మంట బలం పుంజుకుని దాన్ని తన్నాలి. బండి వేగం పెరిగితే పిస్టన్ ఇంకా తొందరగా పైకి వచ్చేస్తుంది. మంట మాత్రం తన సమయం తాను తీసుకుంటుంది. అందుకని రవ్వ ఇంకా ముందు పడాలి. ఎంత వేగమైతే అంత ముందు! దీన్నే అడ్వాన్స్ అంటారట.

మరీ పాత బళ్లలో ఈ పనికి స్ప్రింగులూ బరువులూ ఉండేవి. మా బండి నాటికి సీడీఐ అనే నల్లడబ్బా వచ్చింది. తిరిగే మాగ్నెట్ పక్కన చిన్న కాయిల్ ఒకటి కూర్చుని, మాగ్నెట్ మీది బొడిపె తన ముందు నుంచి పోయినప్పుడల్లా డబ్బాకు కబురు పెడుతుంది. వేగం పెరిగినకొద్దీ కబురు జోరందుకుంటుంది. డబ్బా రవ్వను కొంచెం కొంచెం ముందుకు జరుపుతుంది.

చూశారా దుర్మార్గం? చేరాల్సిన చోటికి చేరకముందే తర్వాతి పని మొదలు! ఈ జబ్బు బళ్ల నుంచే మనుషులకు అంటుకుందని నా అనుమానం. రైల్లో రెండు స్టేషన్ల ముందే బ్యాగులతో తలుపు దగ్గర నిలబడతారు. తలంబ్రాలు పడకముందే భోజనాల బంతిలో ఉంటారు. చుట్టాలు గడపలో కాలు పెడుతూనే తిరుగు బస్సు ఎప్పుడని అడుగుతారు. మొన్న ఒకావిడ మా వాడ పెద్దాయనొకరి పరామర్శకని వచ్చి ఏడుపు కూడా మొదలుపెట్టింది. ఆస్పత్రిలో ఆ పెద్దాయన ఇంకా జావ తాగుతున్నాడు!

ఇంతటి జబ్బుకు మందు కనిపెట్టింది మా ఆయనే. సాంచా మీద పోగులు రెండుగా విచ్చుకున్న క్షణానే వాటి మధ్య నుంచి నూలు కండె ఉన్న నాడె దూకాలి. ముందు దూకినా తప్పే, వెనక దూకినా తప్పే. సాంచా రోజంతా ఒకే వేగంతో ఆడుతుంది కాబట్టి ఒకసారి బిగించాక ఇక అదే లెక్క. ఆ లెక్కతో బతుకంతా గడిపిన మనిషి, ఒకనాడు బండి విప్పి, రవ్వ ఎప్పుడు పడాలో చూపే గీతలు మాగ్నెట్ మీద చూశాడు.

"ఎవడో తెల్వనోడు బిగించిండే. పిస్టన్ మీదికి రాకముందుకే కొడుతున్నది," అన్నాడు. "సాంచా గిట్లుంటే పోగు మిగులుతదా?"

బండిలో పోగులుండవని నేననలేదు. కాయిల్ ఉన్న ప్లేటును తిప్పి, పిస్టన్ సరిగ్గా పైకి చేరాకే రవ్వ పడేలా బిగించాడు. డబ్బా పాపం తనవంతుగా ఇప్పటికీ రవ్వను ముందుకు జరుపుతూనే ఉంది. మొదలే అంత వెనక పెట్టాక అది ఎంత జరిపితే ఏం లాభం?

లాభం మాదే! వెనక సీట్లో కూర్చుని దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోయి నేను గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాను. వేగంగా పోయే బండి మీద ఎవరికైనా చదువొచ్చిందా? బండి ఆపకుండానే కొత్తిమీర బేరమాడి, కొసరు కూడా పుచ్చుకున్నాను. ట్రాఫిక్ పోలీసు మమ్మల్ని ఆపడు. ఆగే ఉన్నామనుకుంటాడు! సగం మంట బయటికే పోతుంది కాబట్టి సైలెన్సర్ పెనంలా కాలుతుంది. వానాకాలంలో దాని పక్కన చీర ఆరేసుకోవచ్చు. ఫ్లైఓవర్ దగ్గర వెనక మనిషి దిగి నడవాలి. నడక ఒంటికి మంచిదని డాక్టర్లే అంటున్నారు కదా!

పాండేసర మెకానిక్ రఘుపతి చూసి, ప్లేటును మళ్లీ పాత గీతకు తిప్పితే చాలన్నాడు. మా ఆయన మెత్తబడ్డాడు కూడా. నేనే అడ్డుపడ్డాను. మాస్టరు చేసిన సెట్టింగును మెకానిక్ ముట్టుకోవడమేమిటని ఆయన పౌరుషాన్ని ఎగదోశాను. కారణం జమున.

జమున మా పక్కింటి మనిషి. ఇద్దరం ఒకే ఖాతాలో కండెలు చుట్టాం. ఆమె వంటింట్లో ఉప్పు ఎక్కడుంటుందో ఆమెకంటే నాకే బాగా తెలుసు. ఆ ఖాతా మూతపడింది. కోరుట్లలో చెల్లెలి దగ్గర ఉండడానికి, ఇక తిరిగి రాకుండా సూరత్ వదిలిపోతోంది. సామాను బట్టల లారీలో ముందే వెళ్లిపోయింది.

నాకు ప్లాట్‌ఫారాలంటే భయం. చెయ్యి ఊపుతూ రైలు వెంట నడవడం, ప్లాట్‌ఫారం అయిపోవడం, చెయ్యి గాల్లో అలాగే ఉండిపోవడం... ఎంతమందినని ఎక్కించను? స్టేషన్‌కు రానని చెప్పేశాను. తన బండి ఉండగా చెల్లెల్లాంటి మనిషి ఆటోలో పోవడమేమిటని మా ఆయన తానే దింపుతానన్నాడు.

నా లెక్క మీకు తెలిసిపోయే ఉంటుంది. రైలు సాయంత్రం. మధ్యాహ్నం అన్నం తిని, సర్వపిండి చేసుకుని, చాయ్ తాగి తీరిగ్గా బయల్దేరితే, ఈ బండి మీద ఆ రైలు అందుతుందా? అందదు! జమున తిరిగొస్తుంది. ఈ రద్దీలో మళ్లీ టికెట్ దొరకడం మాటలా? ఇంత ఉపకారం చేసే బండిని బాగుచేయించే మూర్ఖులుంటారా?

ఆ రోజు పొద్దున నేనింకా పిండి కూడా కలపలేదు. జమున గుమ్మంలో ఉంది. చెప్పులు విప్పలేదు. భుజాన సంచి.

"ఏందే, గిప్పుడే?" అన్నాను.

"అన్న బండి సంగతి నాకెరుక లేదా వదినా. ఫ్లైఓవర్ కాడ దిగి నడువాలె, నడుమ దాన్ని సల్లార్చాలె. ఇప్పుడు ఎల్తేనే రైలుకు అందుతం."

కూర్చోమన్నాను. కూర్చుంటే లేవబుద్ధి కాదంది. చాయ్ అన్నాను. తాగానంది. తాగలేదని నాకు తెలుసు. వాళ్ల పాలగిన్నె కూడా లారీలోనే పోయింది.

ఇక ఒక్క ఆశ మిగిలింది, బండి స్టార్ట్ కాకపోవడం. రవ్వ మరీ ముందు పడే బండయితే కిక్కు కొట్టినప్పుడు ఎదురు తంతుంది, మా ఆయన మోకాలు పట్టుకుని ఒక పూటైనా కూలబడేవాడు. రవ్వ వెనక పడే బండి అలా తన్నదు. పసిపిల్లలా మెత్తగా అందుకుంటుంది. ఒక్క కిక్కుకే అందుకుంది!

గల్లీ చివరిదాకా పోవడానికి దానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? మంచి బండయితే రెప్పపాటులో మలుపు తిరిగేది. అంతసేపూ జమున వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. అంతసేపూ నేను నిలబడాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం తప్పించుకున్నానని సంబరపడిన మనిషిని!

మా ఆయన చీకటి పడ్డాక వచ్చాడు. మధ్యాహ్నం కాకముందే స్టేషన్ చేరారట. రైలు వచ్చేదాకా ఇద్దరూ బెంచీ మీదే కూర్చున్నారట. ఆయన ఒక కునుకు కూడా తీశాడట.

"ఏమన్నా అన్నదా?" అని అడిగాను.

"ఏమంటది. గింతసేపు ఈడ కూసునే బదులు వదిన కాడ కూసుంటే అయిపోతుండె అన్నది."

నల్లడబ్బా చేయలేని పనిని జమున చేసింది. బండి ఎంత వెనకబడితే మనిషి అంత ముందు లేస్తుందని నా హిందీ పుస్తకంలో ఎక్కడా రాయలేదు. పోయేవాళ్లు ఎలాగూ పోతారు. నాకు రావలసిన ఒక పూటను మాత్రం స్టేషన్ బెంచీ తినేసింది.

మర్నాడే రఘుపతిని పిలిపించాను. మా ఆయన మొహం తిప్పుకుని కూర్చున్నాడు. ప్లేటు గీతకు వచ్చింది. ఇప్పుడు బండి ఇద్దరితో ఫ్లైఓవర్‌ను ఒక్క ఊపులో ఎక్కేస్తోంది. స్టేషన్‌కు ఎక్కించుకుని తీసుకెళ్లడానికే ఎవరూ లేరు.

పాఠకుల్లో ఎవరైనా సూరత్ వదిలి వెళ్లేవాళ్లుంటే భేస్తాన్‌లో మా ఇంటికి రండి. ముందు పరిచయం లేకపోయినా ఫరవాలేదు. మా ఆయన సరిగ్గా రైలు టైముకు దింపుతాడు, పూచీ నాది. అప్పటిదాకా కూర్చోండి.