చక్రాల ఇంటికి తెల్ల పైపు

ఆ గురువారం పొద్దున పర్శరాములు పెట్టుకున్న పని చాలా చిన్నది. అజ్మాన్ బజారుకు వెళ్ళి ముదీర్ గారి చక్రాల ఇంటికి ఒక నీళ్ళ పైపు కొనాలి. దాన్ని మర్నాటిదాకా భద్రంగా దాచాలి. శుక్రవారం పొద్దున ఉమ్ అల్ క్వైన్ ఉప్పుటేటి ఒడ్డుకు పట్టుకుపోయి, ఆ ఇంటి ట్యాంకు నింపాలి. మధ్యలో మిగిలే ఖాళీలో కలలు కనాలి. ఈ చివరిది అతను వేరే పనిగా లెక్కపెట్టడు. ఊపిరి తీసుకోవడాన్ని ఎవరు లెక్కపెడతారు గనక!

ముదీర్ అంటే పర్శరాములు పనిచేసే కట్టడాల కంపెనీకి పెద్ద, ఇంగ్లండు దొర. ఆయన తన దేశం నుంచి ఓడలో ఒక చక్రాల ఇల్లు తెప్పించుకున్నాడు. లోపల మంచం, పొయ్యి, కిటికీలకు పూల పరదాలు, కింద నీళ్ళ ట్యాంకు. చలికాలం మొదలైందంటే దాన్ని జీపుకు తగిలించి తీసుకెళ్ళి నీళ్ళ ఒడ్డున నిలిపేవాడు. దొరా, మేడమూ ప్రతి శుక్రవారం అక్కడికి వెళ్ళి, మడతకుర్చీలు వేసుకుని, మాటాపలుకూ లేకుండా కూర్చునేవారు. వాళ్ళు లేని రోజుల్లో కాపలాకు ఒక మనిషి కావాలి. ఆ మనిషి కోసం పక్కనే ఒక చెక్కగది కట్టించారు. ఆ గదికి నీళ్ళవైపు తెరుచుకునే కిటికీ ఉంది.

పర్శరాములుకు ఆ కిటికీ మీద మనసు పడింది. అతనుండే క్యాంపు గదిలో పన్నెండు మంచాలు. కిటికీ తెరిస్తే పక్కగది కిటికీ, అందులో ఇంకొకడి బనీను. పొద్దంతా సిమెంటు బస్తాలు మోయడం, సాయంత్రం స్నానానికి వరసలో నిలబడడం. జగిత్యాల దగ్గరి ఊళ్ళో మక్కచేనుకు కావలి కాసిన రోజుల్లో, మంచె మీద వెల్లకిలా పడుకుని మబ్బులు చూసేవాడు. దుబాయ్‌కు వచ్చాక ఆకాశం ఉందన్న సంగతి అతనికి బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రమే తెలుస్తోంది. ఆ చెక్కగది దొరికితే చాలు, జీవితంలో ఇంకేమీ అడగనని అతను చాలామంది దేవుళ్ళకు మాటిచ్చి ఉన్నాడు.

అయితే దానికో మెలిక పడింది. కిందటి వారం ట్యాంకు నింపింది గోడలు తడిపే పైపుతో. మేడమ్ టీ ఒక గుక్క తాగి, మిగతాది ఇసుకలో పారబోసింది. టీ అంతా రబ్బరు వాసనట. ముదీర్ పర్శరాములును పిలిచి, మంచి పైపు కొని జాగ్రత్తగా దాచమన్నాడు. ఈ శుక్రవారం మేడమ్ టీ బాగుంటే కాపలా పని అతనిదే. బాగా లేకపోతే ఖలాస్.

బజారుకు పికప్ నడిపింది హయాత్ బాషా. కడప వైపు మనిషి, కంపెనీ డ్రైవరు. ఇరానీ ముసలాయన దుకాణంలో పైపులు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. ఆకుపచ్చవి, నల్లవి, మూలన ఒకే ఒక్క తెల్లది. పర్శరాములు ఒక్కొక్కదాని మూతి పట్టుకుని వాసన చూశాడు. అది చాలక, దుకాణం కొళాయికి తగిలించి ఒక్కొక్కదానిలోంచి నీళ్ళు తాగాడు. ఆకుపచ్చ పైపు నీళ్ళు కొత్త చెప్పుల రుచి. నల్లపైపు నీళ్ళు లారీ టైరు రుచి. తెల్లపైపు నీళ్ళకు మాత్రం ఏ రుచీ లేదు. అతను కళ్ళు మూసుకుని, ఆ నీళ్ళను నోట్లో అటూ ఇటూ తిప్పుతూ, చేను మధ్యనున్న బావి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఏమబ్బా, పైపు కొంటాండావా, పెండ్లికూతుర్ని చూస్తాండావా?" అన్నాడు హయాత్ బాషా.

"జెర ఆగు భాయ్. ఇప్పుడే బాయికాడికి పోయిన. కాళ్ళు కడుక్కొని వస్త."

ఇరానీ ఆయన హిందీలో నాలుగు జాగ్రత్తలు చెప్పాడు. వాడాక నీళ్ళన్నీ కార్చేయాలి. ఇత్తడి మూతులు రెండూ ఒకదానికొకటి బిగించాలి, లేకపోతే ఇసుకా పురుగులూ దూరతాయి. ఎండ తగలనివ్వకూడదు. శుభ్రమైన చోట పెట్టాలి. పర్శరాములు వాటిని మంత్రంలా పెదవులు కదుపుతూ క్యాంపుదాకా చదువుకుంటూ వచ్చాడు.

గదిలో శుభ్రమైన చోటు ఎక్కడుంది? మంచం కింద బొద్దింకలు, అటక మీద సిమెంటు దుమ్ము. చివరికి నీడ ఉన్న మూలలో ఒక బకెట్టు బోర్లించి, దానిమీద ఉతికిన తెల్ల లుంగీ పరిచి, పైపును చుట్టచుట్టి కూర్చోబెట్టాడు. బిగించిన మూతులు కిందికి జారకుండా పైకెత్తి నిలిపాడు. కిటికీ సందులోంచి పడ్డ వెలుతురుకు ఇత్తడి మూతి తళుక్కుమంది. పని నుంచి వచ్చిన వాళ్ళందరినీ పిలిచి గట్టిగా చెప్పాడు.

"అందరు ఇనుండ్రి. దీనికి కాలు తగలనియ్యకుండ్రి. చెప్పులతోని దగ్గరికి రావద్దు. ఎంగిలి చేతులతోని ముట్టద్దు."

"గంత నిష్ఠ ఎందుకురా పర్శా?" అన్నాడు పోచన్న. గదిలో అందరికన్నా పెద్దవాడు, తలుపు పక్క మంచం ఆయనది.

పర్శరాములు అప్పటికే పడుకుని పైకప్పు చూస్తున్నాడు. పైకప్పు మీద ఉప్పుటేరు పరుచుకుంటోంది, దాని మీద తెల్లటి కొంగలు దిగుతున్నాయి. "నా బతుకంత దాని మీదనే ఉన్నది కాకా," అని మత్తుగా అని, అటు తిరిగి నిద్రపోయాడు.

మర్నాడు నాగుల చవితి. దుబాయ్‌కు వచ్చినప్పటి నుంచీ పోచన్నకు ఆ పండుగ ఒక దిగులు. ఊళ్ళో ఆయన భార్య భూమవ్వ తలస్నానం చేసి పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టలో పాలు పోసి వస్తుంది. ఇక్కడ ఎంత దూరం వెతికినా ఇసుకే గాని పుట్ట కనిపించదు. అటువంటి మనిషి ఎదుట ఇప్పుడు తెల్లగా చుట్టలు చుట్టుకుని, పడగెత్తి, పడగ మీద మణి పెట్టుకుని ఒక స్వరూపం కూర్చుని ఉంది. కాలు తగలకూడదట, ఎంగిలి కూడదట. పైకి ఒక్క మాట కూడా చెప్పకుండా పిల్లవాడు తన కోసమే ఇంత చేశాడనుకుని పోచన్న కళ్ళు తుడుచుకున్నాడు.

శుక్రవారం తెల్లారేసరికి క్యాంపంతా మంచు కమ్ముకుంది. పర్శరాములు దుప్పటి ముసుగులో నిద్రపోతున్నాడు. అతని పక్కనే గది గదంతా తలస్నానం చేసి చేతులు కట్టుకుని నిలబడింది. పోచన్న మూతుల బిగింపు విప్పి, పసుపు రాసి, బొట్టు పెట్టి, డబ్బాపొడితో కలిపిన పాలు మూతిలోకి చెంచాడు పోశాడు. తర్వాత ఒక్కొక్కరూ పోశారు. సంగతి తెలిసి పక్క గదులవాళ్ళు కూడా వచ్చారు. చెంచాలు దొరకని వాళ్ళు గ్లాసులతోనే పోశారు. పోస్తూ పెండ్లాం పేరు, పిల్లల పేర్లు గొణుక్కున్నారు. ఎవరూ నవ్వలేదు. కాసేపు ఆ గదిలో ఎవరి ఊళ్ళో వాళ్ళున్నారు.

అంతా అయ్యాక పోచన్న పసుపూ బొట్టూ తుడిచి, నిన్న పర్శరాములు ఎట్లా బిగించాడో అట్లాగే మూతులు గట్టిగా బిగించి పెట్టాడు. ఒక్క చుక్క బయటికి రాలేదు.

హయాత్ బాషా హారన్ కొడితే గాని పర్శరాములు లేవలేదు. హడావుడిగా ముఖం కడుక్కుని పైపును భుజాన వేసుకున్నాడు. నిన్నటికన్నా బరువుగా తోచింది. ఈ రోజు తన జీవితం తేలిపోతుంది గనక ఆ మాత్రం బరువు ఉంటుందిలే అనుకున్నాడు. పోచన్న కూడా పికప్ ఎక్కాడు.

"నువ్వెటు కాకా?"

"సాగనంపొద్దారా? మంచిగ నీళ్ళల్ల కలిపి వద్దాం."

ముసలాయనకు సముద్రం చూడాలని ఉందేమో అనుకున్నాడు పర్శరాములు. అతనికీ ఉంది. దారి పొడుగునా మంచు విచ్చుకుంటూ, ఎండ ఎక్కుతూ వచ్చింది. పైపు మాత్రం పికప్ వెనక వెచ్చగా పడుకుంది.

ఒడ్డున పాత పడవల షెడ్డు ఒకటుంది. కొళాయి దాని వెనక. షెడ్డుకు అవతల చక్రాల ఇల్లు, ఇంటికి అవతల కుర్చీల్లో దొరా మేడమూ, వాళ్ళకు అవతల అద్దంలా నిలిచిన నీళ్ళు. చెక్కగది కిటికీ తెరిచే ఉంది. పర్శరాములు దానివైపు ఒక చూపు చూసి, తృప్తిగా మూతులు విప్పాడు. పైపులోంచి పాలు కారాయి.

తెల్లగా, పసుపు పొర తేలుతూ, కొంచెం పులిసి కారాయి. అతను చూస్తూ నిలబడ్డాడు. ఇదీ తన కలల్లో ఒకటేనేమో అని ఒక నిమిషం ఆశపడ్డాడు.

"కాకా! గిదేంది?"

"పాలు బిడ్డా. నాగన్నకు పోసినం."

"ఏ నాగన్న?"

"గీ నాగన్న." పోచన్న పైపుకు దండం పెట్టాడు. "నువ్వే తెస్తివి గద, చవితికని?"

పర్శరాములు ఇసుకలో కూలబడ్డాడు. తిడదామనుకున్నాడు గాని ముసలాయన ముఖం వెలిగిపోతోంది. "అది నాగన్న గాదే, మేడమ్ టీ నీళ్ళ పైపు! నా గది పాయె, కిటికీ పాయె, అంత పాయె," అన్నాడు. అప్పుడు గాని పోచన్నకు సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన గబగబా పైపు మూతిని కొళాయి కింద పెట్టాడు.

ముగ్గురూ కలిసి పైపును కడిగారు. తెలుపు పోయింది, పసుపు పోయింది, వాసన పోలేదు. హయాత్ బాషా మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాడు.

"పెరుగుచట్టి వాసన వస్తాండాది. దీనికంటే రబ్బరే మేలబ్బా."

"ఏం జేద్దాం భాయ్?"

హయాత్ బాషా కాసేపు పికప్ వైపు చూశాడు. సీటు పక్కన గుడ్డలో చుట్టిన పన్నీటి సీసా ఉంది. ఊరికి పోయేవాళ్ళ చేతికిచ్చి భార్య అక్తర్ బీకి పంపాలని దాచుకున్నది. తెచ్చి, బిరడా తీసి, ఒకసారి వాసన చూసుకున్నాడు. "ఆమెకు ఇంకోటి కొంటాలే. చూడలేదు గదా, అలగదు," అని సీసా మొత్తం పైపులో ఒంపాడు. పన్నీరు ఈ కొస నుంచి ఆ కొసదాకా పోవాలని ముగ్గురూ పైపును పట్టుకుని, పసిపిల్లను ఊపినట్టు మెల్లగా ఊపారు. చక్రాల ఇంటి మూల దగ్గర నిలబడి ముదీర్ ఇదంతా చూస్తున్న సంగతి వాళ్ళెవరికీ తెలియదు.

ట్యాంకు నిండింది. మేడమ్ టీ పెట్టుకుంది. పర్శరాములు చక్రాల ఇంటి మూల దగ్గరికి వచ్చి, ఆవిడ చేతిలో కప్పునే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ ఒక గుక్క తాగి ఆగింది. కప్పు దించలేదు, ఇసుకలో పోయలేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఆ ముఖం చూడగానే పర్శరాములుకు తెలిసిపోయింది, ఆవిడ కూడా ఎక్కడో బావి దగ్గరికి వెళ్ళింది.

"వాళ్ళ అవ్వ తోటలో గులాబీలు గుర్తుకొచ్చినాయంట," అని, ఆవిడ దొరతో అన్న మాటలు విని హయాత్ బాషా చెవిలో చెప్పాడు.

ముదీర్ దగ్గరికి వచ్చాడు. పైపును ఏం చేశారు, ఎందుకు ఊపారు అని అడిగాడు. స్నేహితుణ్ణి గట్టెక్కించాలన్న తపనలో హయాత్ బాషా సగం ఇంగ్లీషు, సగం హిందీ, మిగతాది చేతులతో ఉన్నదంతా ఉన్నతంగా వర్ణించాడు. నీడలో తెల్లబట్ట మీద పెట్టాడు సార్, చెప్పులతో ఎవర్నీ రానివ్వలేదు సార్, పొద్దున్నే గదంతా స్నానం చేసి పాలతో కడిగారు సార్, ఆఖరున పన్నీరు సార్, మా దేశంలో నీళ్ళకిచ్చే మర్యాద సార్. ముదీర్ నోరు తెరుచుకుని విన్నాడు. విన్నాక పర్శరాములు చెయ్యి పట్టుకుని ఊపుతూ ఏదో పెద్దగా మాట్లాడాడు. వింటున్న కొద్దీ హయాత్ బాషా ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

"ఏమంటున్నడు భాయ్?"

"ఇంత బాగా పైపును చూసుకునేటోణ్ణి ఎక్కడా చూడలేదంట. ఇంక అది నీ చేతికిందే, ఆ క్యాంపు గదిలోనే, అట్లానే ఉండాలంట. ఈడ ఉప్పుగాలికి చెడిపోతాదంట."

"మరి కాపలా?"

హయాత్ బాషా గొంతు తగ్గించాడు. "దానికి ఏ పనీ రానోడైనా చాలంట."

ముదీర్ చుట్టూ చూశాడు. కొంచెం దూరంలో పోచన్న, చేసిన పాపానికి ఏం శిక్ష పడుతుందోనని, పైపు ముందు చేతులు జోడించి కదలకుండా మెదలకుండా కూర్చుని ఉన్నాడు. కాపలాకు అంతకంటే నెమ్మదస్తుడు దొరకడని ముదీర్ అక్కడికక్కడే తేల్చేశాడు.

"గది నీదేనంట కాకా," అన్నాడు పర్శరాములు. కిటికీ ఇంకా తెరిచే ఉంది, పరదా లేని ఆ చదరంలో నీళ్ళు నీలంగా కదులుతున్నాయి. అతనికి ఏడుపొచ్చింది.

పోచన్నకూ ఏడుపొచ్చింది. "నాగన్న దయ బిడ్డా," అన్నాడు.

పర్శరాములు నీళ్ళన్నీ కార్చి, మూతులు బిగించి, పైపును చుట్టి భుజాన వేసుకున్నాడు. ఆ చలికాలమంతా ప్రతి శుక్రవారం అతను పైపుతో వచ్చి, షెడ్డు వెనక కొళాయికి ఒక మూతి తగిలించేవాడు. రెండో మూతిని ట్యాంకుకు పెట్టడానికి పోచన్న నిద్రకళ్ళతో ఆ కిటికీలోంచే చెయ్యి చాపి అందుకునేవాడు. పైపు పొడవు యాభై అడుగులు. సముద్రం మాత్రం ఎప్పుడూ పోచన్న పట్టుకున్న కొసవైపే ఉండేది.